నేను ప్రిన్సిపాల్‌నైన వైనం

మా చెల్లెలి కొడుకు చదువు గురించి నేను చెప్పినన్ని అబద్ధాలు ఎన్నికల్లో నిలబడ్డవాళ్లు కూడా చెప్పి ఉండరు. ఓ పెళ్లిలో పంక్తిలో పక్కన కూర్చున్న దూరపు చుట్టం, "అల్లుడు ఏం చదువుతున్నడు?" అని అడిగాడు. పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "బీకాం కంప్యూటర్స్" అనేశాను. అక్కడితో తీరిపోయిందనుకున్నాను. అబద్ధానికి కూడా విద్యా సంవత్సరం ఉంటుందనీ, అదీ ఏటా పై క్లాసుకు పోతుందనీ నాకు తట్టలేదు. మరుసటేడు ఇంకో పెళ్లిలో అదే మనిషి "సెకండియరా?" అన్నాడు. అవునన్నాను. ఆపై ఫైనలియర్. నమ్మకం కుదరడానికి ఓ బ్యాక్‌లాగ్ కూడా పెట్టాను. ఏ సబ్జెక్టన్నాడు. అకౌంట్స్ అన్నాను. పాపం జాలిపడి, నాగారంలో అకౌంట్స్ బాగా చెప్పే మాస్టారు ఉన్నాడని ఫోన్ నంబరు రాసిచ్చాడు. ఆ చీటీని భద్రంగా జేబులో పెట్టుకున్నాను కూడా. నవ్వకండి. మీ ఇంట్లో పిల్లాడి మార్కులు చుట్టాల చెవిన పడేసరికి ఎన్ని పెరుగుతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అసలు సంగతి ఇదీ. మా అల్లుడికి ఆటిజం. దానికి తోడు మేధో వైకల్యం. నాకంటే జానెడు ఎత్తు పెరిగాడు గానీ మాటలు కొన్నే. చిన్నప్పటి నుంచి స్పెషల్ స్కూల్లో చదివాడు. చదివాడంటే మీరూ నేనూ అనుకునే చదువు కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, బొమ్మలు చూసి రోజు ఎలా నడుస్తుందో తెలుసుకోవడం, ఒక పని అయ్యాక ఆ పని బొమ్మ తీసి పెట్టెలో వేసి "అయిపోయింది" అనడం. ఆ పెట్టె వాడి ప్రాణం. పద్దెనిమిది నిండగానే ఆ స్కూలు వాళ్లు మా చెల్లెల్ని పిలిచి, పెద్దపిల్లల గ్రూపు తమ దగ్గర లేదని మెత్తగా చెప్పి పంపారు.

మనకు పద్దెనిమిదంటే ఓటు, డ్రైవింగ్ లైసెన్సు. మా చెల్లెలికి మాత్రం, "పొద్దుగాల తొమ్మిదింటికి వీణ్ణి ఏడికి తోలాలె అన్నా?" అన్న ప్రశ్న. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. ఆ పైన ఉన్నత విద్యలో ఐదు శాతం సీట్లు ఇచ్చింది. ఐతే ఆ సీట్లు ఇంటరు గట్టెక్కినవాళ్లకు. పది రూపాయల నోటుకూ వంద నోటుకూ తేడా ఇప్పుడిప్పుడే తెలుస్తున్న పిల్లాడికి ఆ ఐదు శాతంతో పనేముంది? ఉద్యోగాల్లో నాలుగు శాతం, అందులో ఆటిజం, మేధో వైకల్యం వంటివాటికి కలిపి ఒక శాతం అని ఎక్కడో చదివి నేను గ్రూప్ ఫోర్ మెటీరియల్ కొనుక్కొచ్చాను. మా చెల్లెలు దాన్ని చూసి ఏమీ అనలేదు. అటక మీద పెట్టింది.

నా గురించి కూడా చెప్పాలి కదా. బతుకంతా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. రిటైరయ్యాక కీసర రోడ్డు మీద ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. ఫిజిక్స్ లెక్చరర్‌కు రిటైర్మెంటంటే జీతం తగ్గడం కాదు, నమస్కారాలు తగ్గడం. కిరాణాకొట్లో కూడా "సార్" పోయి "అంకుల్" వచ్చింది. అలాంటి మనిషి చేతికి ఓ సమస్య దొరికితే ఊరుకుంటాడా?

మొదటి ప్రతాపం వైకల్య సర్టిఫికెట్ దగ్గర చూపించాను. ఆటిజం ఎంతుందో కొలవడానికి మన దేశంలో ఒక కొలమానం ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం మన బోయినపల్లిలో ఉన్న జాతీయ సంస్థే తయారుచేసింది, 2009లో వచ్చింది. నలభై అంశాలు. కళ్లలోకి చూస్తాడా, అన్న మాటే మళ్లీ అంటాడా, చప్పుళ్లకు ఎలా ఉంటాడు, ఇలాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 106 దాకా స్వల్పం, 153 దాకా మధ్యస్థం, అది దాటితే తీవ్రం. అంటే మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిదన్నమాట! జీవితమంతా పిల్లల మార్కులు పెంచడానికి తపించిన నాకు తగ్గించడం ఓ లెక్కా? సైకాలజిస్టు అడగడమే ఆలస్యం, "ఎప్పుడో ఒకసారి మేడమ్", "చాలా అరుదు మేడమ్" అంటూ ఎంసెట్ కీ అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాను. మా చెల్లెలు పక్కనుంచి, "అన్నా, నువ్వు జర సప్పుడు చెయ్యకుండ కూసో" అంది. ఆమె ఊరుకుని ఉంటే మా అల్లుడు కాగితం మీద శుభ్రంగా ఆరోగ్యవంతుడైపోయేవాడు. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు రాస్తేనే చట్టమిచ్చే రిజర్వేషన్ల లెక్కలోకి వస్తాం. అది పోతే తెలంగాణలో 2023 నుంచి ఇస్తున్న 4,016 రూపాయల పింఛనూ పోయేది. నా పరువు కోసం వాడి నోటి దగ్గర కూడు లాగబోయానని ఇంటికొచ్చాక గానీ నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత మా చెల్లెలు వాణ్ణి బోయినపల్లి మనోవికాస్ నగర్‌లోని ఆ జాతీయ సంస్థకే తీసుకెళ్లింది. 1984లో పెట్టిన సంస్థ. పాత పేరు ఎన్‌ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. అక్కడివాళ్ల లెక్కలో ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్ అని ఉండవు. ప్రీ ప్రైమరీ, ప్రైమరీ వన్, ప్రైమరీ టూ, సెకండరీ, ఆపైన ప్రీ వొకేషనల్. ప్రతి మెట్టుకూ ఒక చిట్టా. తనంతట తాను తినడం, బట్టలు మడత పెట్టడం, గడియారం చూడటం, డబ్బు లెక్కపెట్టడం, బస్సెక్కడం. వీడికి ఇప్పుడు కావలసింది పని నేర్పే చోటనీ, చాయ్ పెట్టడం, కవర్లు అతికించడం, ఒంటరిగా బస్సులో పోవడం నేర్పించండనీ చెప్పారు.

చాయ్! నాకు ఒళ్లు మండిపోయింది. ఫిజిక్స్ లెక్చరర్ మేనల్లుడు చాయ్ పెట్టడం నేర్చుకోవడానికి పోవాలా?

సరిగ్గా అప్పుడే నా పాత శిష్యుడొకడు లండన్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఆటిజం ఉన్న యువతీయువకుల కోసమే పగటి కాలేజీలు ఉన్నాయనీ, అంబిషియస్ కాలేజ్ అని ఒకటుందనీ, పదహారు నుంచి పాతికేళ్ల దాకా పొద్దున పోయి సాయంత్రం ఇంటికి వస్తారనీ చెప్పాడు. 2014లో వచ్చిన చట్టం ప్రకారం, అవసరమున్న పిల్లలకు పాతికేళ్ల వరకు విడివిడిగా విద్యా ప్రణాళిక ఉంటుందన్నాడు. వంట, ప్రయాణం, పని అనుభవం, స్పీచ్ థెరపీ అన్నీ అందులోనే అని ఇంకా ఏదో చెబుతున్నాడు. నేను వినడం మానేసి చాలాసేపైంది. నా చెవిలో ఒకే ముక్క గింగురుమంటోంది. కాలేజీ! లండన్‌లో ఉన్నది కీసరలో ఎందుకుండకూడదు? ఉంటే ప్రిన్సిపాల్ ఎవరు?

మీరు కూడా ఇలాంటి ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం చేసుకుని, ఆ తర్వాత ప్రశ్న వేసుకుని ఉంటారు.

మా ఇంటి పై పోర్షన్ ఖాళీగా ఉంది. ముందు ఫ్లెక్సీ కొట్టించాను. దాని మీద నా ఫొటో, కింద "వ్యవస్థాపకులు, ప్రిన్సిపాల్". విద్యార్థుల ఫొటోలకు చోటు చాలలేదు. టైంటేబుల్ వేశాను. మొదటి పీరియడ్ ఇంగ్లీషు, రెండోది జనరల్ నాలెడ్జి, మూడోది నైతిక విలువలు. ఇనుప సామాన్ల కొట్లో రైలు పట్టా ముక్క దొరికితే గంటగా వేలాడదీశాను. చప్పుడంటే భరించలేని పిల్లల కాలేజీకి రైలు పట్టా గంట! మా అల్లుడు గాక దమ్మాయిగూడ నుంచి ఇద్దరు అబ్బాయిలు, నాగారం నుంచి ఒక అమ్మాయి చేరారు. వాళ్ల తల్లిదండ్రులు ఎక్కడెక్కడో తిరిగి అలిసి, గేటు మీద "కాలేజీ" అన్న మాట చూసి వచ్చినవాళ్లు. ఆ మాటకు లొంగింది నేనొక్కణ్ణే కాదని అప్పుడు భలే ధైర్యం వచ్చింది.

ప్రారంభోత్సవం పెట్టాను. టెంటు, కుర్చీలు, మైకు, ఓ లోకల్ నాయకుడు. మా చెల్లెలు చూచాయగా చెప్పింది, మైకు వద్దని. మైకు లేకుండా ప్రారంభోత్సవమేమిటని నేను గదమాయించాను. ఉపన్యాసం పదకొండు పేజీలు రాసుకున్నాను. విషయం ఓర్పు. "ఈ పిల్లలతో మనకు కావలసింది ఓర్పు" అని మొదటి పేజీ ఎత్తుకున్నానో లేదో మైకు కుయ్యిమంది, ఆపరేటర్ కుర్రాడు ఏదో తిప్పాడు, ఇంకా గట్టిగా కుయ్యిమంది, నాగారం అమ్మాయి చెవులు మూసుకుని కుర్చీ కిందికి దూరింది, దమ్మాయిగూడ అబ్బాయి ఒకడు ఏడుపు లంకించుకున్నాడు, మా అల్లుడు పిడికిలితో తల మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు, మా చెల్లెలు లేచింది, నేను మాత్రం "ఓర్పు" దగ్గరే ఉన్నాను, మూడో పేజీ తిప్పుతున్నాను, వాడు లేచాడు, తిన్నగా స్టేజీ ఎక్కాడు, వైరు పట్టి లాగాడు, మైకు చచ్చింది, నా చేతిలోంచి పదకొండు పేజీలూ లాక్కున్నాడు, నాలుగు మడతలు వేశాడు, వాళ్లమ్మ వెంట తెచ్చిన పెట్టెలో వేసి మూతపెట్టి, కాలనీ అంతా వినేలా "అయిపోయింది" అన్నాడు.

చప్పట్లు మారుమోగాయి. అందరికంటే ముందు కొట్టింది ఆ నాయకుడు.

నవ్వులాటగా చెబుతున్నా గానీ, ఆ తర్వాత చాలా రోజులు వాడు మా మెట్లెక్కలేదు. గేటు దాకా వచ్చి, ఫ్లెక్సీ మీద నా ఫొటో చూసి వెనక్కి తిరిగేవాడు. మిగతా తల్లిదండ్రులు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అప్పుడు మా చెల్లెలు ఓ స్పెషల్ ఎడ్యుకేటరమ్మను తీసుకొచ్చింది. వయసు నా సర్వీసంత కూడా లేదు. వస్తూనే రైలు పట్టా దింపించింది. టైంటేబుల్ చింపింది. చాయ్‌తో మొదలుపెడదామంది. నాలో చల్లారిన మంట మళ్లీ రాజుకుంది. సరే అలాగేనమ్మా, చాయ్ పెట్టడం ఎలాగో మెట్లు మెట్లుగా నేనే రాసిస్తానన్నాను. ఒకటి, గిన్నెలో నీళ్లు పోయాలి. రెండు, స్టవ్ వెలిగించాలి. మూడు, పొడి, పాలు, చక్కెర వేయాలి. నాలుగు, మరిగాక దించాలి. ఐదు, తాగాలి. ఆమె కాగితం చూసి, "బాగుంది సార్, ఒక్కసారి మీరు చేసి చూపించండి. రాసినట్టే చెయ్యాలి" అంది.

ఇక్కడ మీకు మాత్రమే చెప్పాల్సిన రహస్యం ఒకటుంది. ఉష్ణగతిక శాస్త్రం వేలమందికి చెప్పిన నేను, అప్పటిదాకా మా ఇంట్లో స్టవ్ వెలిగించలేదు. ఏ గిన్నె అని రాయలేదు కాబట్టి సాంబారు గిన్నె పెట్టాను. ఎన్ని నీళ్లని రాయలేదు కాబట్టి నిండా పోశాను. నాబ్ తిప్పాను, లైటర్ దొరకలేదు, వెతికి పట్టుకుని నొక్కేసరికి పోగైన గ్యాసు భగ్గుమని నా కనుబొమ్మల దాకా వచ్చింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఈయనకు స్టవ్ ఏ దిక్కు తిప్పితే ఆరుతదో సుత ఎరుకలేదమ్మా" అని ఆ అమ్మాయికి విన్నవించింది. మా అల్లుడు చెవులు మూసుకుని ఉన్నాడు. ఈసారి మైకు లేకపోయినా.

ఆ టీచరమ్మ నేర్పిన తీరు చూసి నోరెళ్లబెట్టాను. గ్యాసు జోలికే పోలేదు, కరెంటు స్టవ్ పెట్టించింది. పని మొత్తాన్ని చిన్నచిన్న ముక్కలు చేసింది. నేర్పడం మొదటి ముక్క నుంచి కాదు, చివరి ముక్క నుంచి. అన్నీ తనే చేసి, చివర్లో కప్పులోకి వడగట్టడం వాడి చేత చేయించింది. అది కుదిరాక, దానికి ముందుది. అలా వెనక్కి వెనక్కి. ఎప్పుడు చేసినా వాడి చేతిలో పని పూర్తయ్యే తీరుతుంది, తయారైన చాయ్ కళ్ల ముందుంటుంది. సగంలో వదిలేసి ఓడిపోయే అవకాశమే లేదు. నేను పాఠాన్ని మొదటి నుంచి చెప్పి, చివరికి వచ్చేలోగా సగం క్లాసును నిద్రపుచ్చి, పరీక్షలో తప్పినవాణ్ణి మొద్దు అన్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఎంతమందిని అన్నానో.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక బోయినపల్లి చిట్టా తీసి నాకు నేనే టిక్కులు పెట్టుకున్నాను. బట్టలు ఉతకడం, లేదు. మడత పెట్టడం, లేదు. కూరగాయలు కోయడం, ఒకసారి వేలు. తన మందులు తాను గుర్తుంచుకుని వేసుకోవడం, ఆవిడ ఉంది కదా. ఎంత లాగినా ప్రైమరీ టూ దాటలేదు. మన ఇళ్లలో మగవాళ్లందరినీ వరసగా ఆ చిట్టా ముందు కూర్చోబెడితే బోయినపల్లిలో సీట్లు చాలవు. మనం సమర్థులమని మనకు సర్టిఫికెట్ ఇచ్చింది మన ఆడవాళ్ల చాకిరీ.

మా కీసరగుట్ట కథ మీరు వినే ఉంటారు. రాముడు ప్రతిష్ఠకు లింగం తెమ్మని హనుమంతుణ్ణి కాశీకి పంపాడు. ముహూర్తం మించిపోతుంటే శివుడే లింగమిచ్చాడు, ప్రతిష్ఠ జరిగిపోయింది. నూటొక్క లింగాలు మోసుకొచ్చిన హనుమంతుడు అలిగి వాటిని విసిరేశాడట. గుట్ట మీద ఎక్కడ పడితే అక్కడ కనిపించే లింగాలు అవేనంటారు. నేనూ అలాగే పదకొండు పేజీలు మోసుకుని వచ్చాను. అప్పటికే మా చెల్లెలు చెయ్యాల్సిన ప్రతిష్ఠ చేసేసింది. హనుమంతుడు కనీసం బరువు మోశాడు.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? ఇంకొకటుంది. కాగితాల పని నాకు వదిలెయ్యమని మళ్లీ ముందుకు దూకాను. పద్దెనిమిది దాటితే కన్నతల్లైనా చట్టం దృష్టిలో తనంతట తానుగా గార్డియన్ కాలేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. ఇది తెలియక నేను "తల్లి ఉండగా గార్డియనెందుకమ్మా, ఇంగిత జ్ఞానం ఉండొద్దూ?" అని మా చెల్లెలికే క్లాసు పీకాను. ఏడాది గడిచింది. బ్యాంకులో వాడి పింఛను ఖాతా దగ్గర చిక్కు పడ్డాక పరుగెత్తాను. పరుగెత్తింది కూడా కీసరలో పాత కలెక్టరేట్ దగ్గరికి. అది శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లికి ఎప్పుడో మారిపోయింది. ఉంటున్నది కీసరలో, రోజూ పేపరు చదువుతాను, అందరికీ దారి చెబుతాను.

ఇప్పుడు మా అల్లుడు పొద్దున ఒక డే సెంటర్‌కు పోతున్నాడు. కాలేజీ కాదు, ఫ్లెక్సీ లేదు. కాగితపు సంచులు చేస్తారు, ఫైళ్లు కడతారు, మధ్యాహ్నం అందరికీ చాయ్ వీడిదే. ఇంకా కష్టమైన రోజులు ఉంటాయి. శివరాత్రికి గుట్ట మీద జాతర మొదలైందంటే మైకులకూ ట్రాఫిక్‌కూ వాడు ఇల్లు కదలడు, తల కొట్టుకుంటాడు, ఆ వారం మా చెల్లెలికి నిద్ర ఉండదు. తన తర్వాత వీడికెవరు అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. వీడిలాంటివాళ్లు ఉండటానికి మా మండలంలోనే రాంపల్లి దాయరలో ఆటిజం ఆశ్రమ్ అనే చోటు ఉంది. కానీ ఊరికొకటి కావాలి. బడి అయిపోయాక పాతికేళ్ల దాకా పోయి నేర్చుకునే పగటి కాలేజీలు అంతకంటే ముందు కావాలి. సర్కారు పెట్టాలి, మండలానికొకటి పెట్టాలి, వ్యాను పెట్టాలి. నాలాంటివాడు పై పోర్షన్‌లో పెడితే ఏమవుతుందో చెప్పాను కదా.

మీ ఇంట్లో ఇలాంటి పిల్లో పిల్లాడో ఉంటే, పదిహేనేళ్ల నుంచే పని నేర్పే చోటు వెతకండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమాలో చేర్చండి, లక్ష రూపాయల దాకా వైద్యానికి అక్కరకొస్తుంది. పద్దెనిమిది నిండగానే గార్డియన్ దరఖాస్తు పట్టుకుని కలెక్టరేట్‌కు పొండి. పోయేటప్పుడు మేనమామను మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి.